వింతజీవుల గోదా: ఒక వేసవి ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 27, ఆదివారం

పిల్లలు తమకు నచ్చిన తల, మొండెం, చేతులు, కాళ్లు, తోక కలిపి ఒక వింతజీవిని తయారుచేసుకొని, దానిని ఇంకొకరి జీవితో పోటీకి దింపే చిన్న వీడియో గేమ్ ఒకటి ఈ వేసవి సెలవుల్లో తయారుచేయాలని నిశ్చయించుకున్నాను. ఆడేవారు ఆరుగురు: తొమ్మిదేళ్ల మా అమ్మాయి, పదకొండేళ్ల మా అక్క కొడుకు, పక్క వాటాలోని కవలలు, ఎదురింటి అన్నాచెల్లెళ్లు. గడువు బడులు తెరిచేదాకా.

కంప్యూటరు ముట్టుకోకముందే ఆటను కాగితం మీద ఆడించి చూడాలన్నది నా పాత అలవాటు. బీరువా పైన పేరుకుపోయిన పెళ్లి శుభలేఖలు మందంగా ఉంటాయి కాబట్టి వాటినే కత్తిరించి, ఒక్కొక్క ముక్క మీద ఒక్కొక్క అవయవం గీసి, వెనుకవైపు దాని బలమెంతో అంకె వేశాను. పీత చేతులకు 6, గబ్బిలం రెక్కలకు 5, పిల్లి పాదాలకు 2. అంకెలన్నీ కూడి, పాచిక వేసి, ఎక్కువ వచ్చినవారు గెలిచినట్లు.

ఉదయం పది గంటలకు ఆరు జీవులూ ఆరు రకాలుగా ఉన్నాయి. సాయంత్రానికి ఆరింటికీ పీత చేతులే వచ్చాయి. మా అమ్మాయి పొద్దున చేసిన జీవికి పిల్లి ముఖం, ఏనుగు కాళ్లు ఉండేవి, తోక ఉండేది కాదు. ఎందుకు లేదని అడిగితే దానికో పెద్ద కథ చెప్పింది. మధ్యాహ్నానికి ఆ జీవి బల్ల కిందికి చేరింది. చేతిలో ఉన్న పీతను చూపించి, "ఇది నాది కాదు నాన్నా, గెలిచేది" అంది.

ఈ ప్రాజెక్టులో నేను పరిష్కరించవలసిన సమస్య ఏమిటో ఆ మాటతో తెలిసింది. పిల్లవాడు తాను చేసిన జీవి ఓడిపోయినప్పుడు దాని రూపాన్ని వదులుకోకుండా, దాని పోరాటాన్ని మాత్రమే మార్చుకోగలగాలి.

మే 4, ఆదివారం

వారమంతా ఇతరులు ఇదే చిక్కును ఎలా ఎదుర్కొన్నారో చూశాను. ప్లేస్టేషన్ కోసం టెక్మో సంస్థ 1997లో తెచ్చిన మాన్‌స్టర్ రాంచర్‌లో ఇంట్లో ఉన్న పాటల సీడీని యంత్రంలో పెడితే, ఆ డిస్కు మీది సమాచారాన్ని బట్టి ఒక జీవి పుట్టేది. ఏ సీడీలో ఏముందో అన్న ఉత్కంఠ అద్భుతమైనదే. దానిని అనుకరిస్తూ నేను ఒక గంటలో చిన్న ప్రయోగం చేశాను: పిల్లవాడు తన పేరు టైపు చేస్తే, ఆ అక్షరాల నుంచి లెక్కగట్టిన సంఖ్యతో ఒక జీవి తయారవుతుంది. పిల్లలు ఆరుగురి పేర్లు, తాతల పేర్లు, కుక్క పేరు కూడా టైపు చేసి అరగంట నవ్వారు, ఆపైన ఒక్కరూ దాని జోలికి పోలేదు. దొరికిన జీవికీ చేసిన జీవికీ వారు పెట్టుకునే మమకారంలో తేడా అంత ఉంది.

2008లో వచ్చిన మాక్సిస్ వారి స్పోర్ నాకు ఎక్కువ పనికివచ్చింది. ఆటకంటే కొన్ని నెలల ముందే జీవులను తయారుచేసే భాగాన్ని విడిగా విడుదల చేశారంటే, తయారుచేయడమే ఒక ఆట అని వారు గుర్తించారన్నమాట. అందులో రెండు సంగతులు గమనించదగ్గవి. ఒకటి, ఒక జీవికి ఎన్ని భాగాలు తగిలించవచ్చునో ఒక కొలబద్ద అడ్డుపడుతుంది. రెండవది, తయారైన జీవి ఒక చిన్న పీఎన్‌జీ బొమ్మగా భద్రమవుతుంది, దానిని తయారుచేసే వివరాలన్నీ ఆ బొమ్మలోనే దాగి ఉంటాయి. బొమ్మను స్నేహితుడికి పంపితే జీవిని పంపినట్లే.

నా నిర్ణయం ఇది. అవయవాలకు బలం అంకెలు ఉండవు. ప్రతి జీవికీ బలం, వేగం, ఓర్పు, తెలివి అనే నాలుగు గుణాలు, వాటి మీద పంచుకోవడానికి 28 పాయింట్లు ఉంటాయి. ఏ ఒక్క గుణానికీ 15 మించరాదు, పాయింట్లు మిగుల్చుకోరాదు. పీత చేతులున్నా పిల్లి పాదాలున్నా అవే 28.

చెప్పగానే మా అక్క కొడుకు అభ్యంతరం లేవదీశాడు. "మరి కొమ్ములు ఎందుకు మావయ్యా, ఊరికే అందానికా?" వాడి ప్రశ్న న్యాయమైనదే. రూపానికీ పోరాటానికీ ఏ సంబంధమూ లేకపోతే జీవిని చేసే పని గోడకు రంగు వేయడంతో సమానమవుతుంది. రాత్రి కూర్చొని మధ్యేమార్గం ఒకటి రాసుకున్నాను: దెబ్బ ఎంత అన్నది పాయింట్లు చెబుతాయి, దెబ్బ ఎలా అన్నది అవయవం చెబుతుంది. కొమ్ములున్నది పరుగెత్తుకొచ్చి ఒక్క పెద్ద దెబ్బ కొడుతుంది, పీత చేతులున్నది రెండు సగం దెబ్బలు కొడుతుంది, పొడవైన తోక ఉన్నది నేలబారున తిప్పి కొడుతుంది. మొత్తం నష్టం ఒకటే.

మే 11, ఆదివారం

వీడియో గేములు తయారుచేసే గోడో ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఉచితం, ఎంఐటీ లైసెన్సు కింద ఎవరైనా వాడుకోవచ్చు, నా పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది, ఆండ్రాయిడ్ టాబ్లెట్‌కు ఎగుమతి చేస్తుంది. గీయవలసిన బొమ్మలు 56: మొండేలు 8, తలలు 16, చేతుల జతలు 16, కాళ్ల జతలు 8, తోకలు 8. రంగులు 16, మచ్చలు చారల వంటి నమూనాలు 4. ఇవన్నీ గుణిస్తే 83,88,608 రూపాలు వస్తాయని లెక్క తేలినప్పుడు కొంచెం గర్వపడ్డాను, గంటలోపే ఆ గర్వం అణిగింది.

మొదటి జీవిని కదిలించగానే దాని కుడిచేయి భుజం దగ్గర తిరగకుండా, గడియారం ముల్లు ఊడిపోయినట్లు తెర మూలకు ఎగిరిపోయింది. కారణం చిన్నదే. బొమ్మ మధ్యబిందువు చుట్టూ చేయి తిరుగుతోంది, తిరగవలసింది కీలు చుట్టూ. ఒక్కొక్క బొమ్మలో కీలు ఎక్కడుందో ఇంజిన్‌కు తెలియదు, నేనే చెప్పాలి.

ఇక్కడ నాకు తోలుబొమ్మలు గుర్తుకొచ్చాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి, ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పలుచగా చేసి, చేయి, మోచేయి, కాలు విడివిడిగా కోసి, కీళ్ల దగ్గర దారంతో ముడివేస్తారు. ఆ ముడి ఉన్నచోటే అవయవం తిరుగుతుంది. నేను కంప్యూటరులో చేయవలసిందీ సరిగ్గా ఇదే.

కాబట్టి ప్రతి బొమ్మకూ ముడిచుక్క పెట్టే పని పెట్టుకున్నాను. చేతికి భుజం దగ్గర ఒక చుక్క. మొండేనికి ఐదు చుక్కలు: మెడ, రెండు భుజాలు, నడుము, తోక మొదలు. గేమ్ నడిచేటప్పుడు చేతి చుక్కను భుజం చుక్క మీదికి తెచ్చి కలుపుతుంది. ఏ చేయి ఏ మొండేనికి తగిలించినా అతుక్కుంటుంది. రెండు రాత్రులు పట్టింది. సన్నటి పాము మొండేనికి ఏనుగు కాళ్లు తగిలిస్తే నడక వికారంగా ఉంటుందని సరిచేయబోతే కవలలు పడనివ్వలేదు, వారికి ఆ వికారమే కావాలట.

మే 14, బుధవారం

తెలుగు అక్షరాలకు సంబంధించి ఒక చిన్న సంగతి. కొన్నేళ్ల కిందట వేరొక పాత పరికరంలో ఇలాంటి ఆట మొదలుపెట్టి వదిలేయడానికి కారణం ఇదే: 'శక్తి' అని రాస్తే వత్తు కిందికి దిగక, పొల్లుతో 'శక్‌తి' అని విడిపోయి కనిపించేది. అక్షరాలను వరుసగా పేర్చడం వేరు, తెలుగు లిపిని కూర్చడం వేరు. 2023 మార్చిలో వచ్చిన గోడో 4లో హార్ఫ్‌బజ్ అనే అక్షరకూర్పు వ్యవస్థ లోపలే ఉంది కనుక 'శక్తి', 'స్త్రీ', 'క్రూరం' అన్నీ సవ్యంగా వచ్చాయి. మండలి అనే ఖతి (ఫాంటు) పెట్టాను. మీటల ఎత్తు మాత్రం ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేటట్లు ఉండడంతో వత్తుల కాళ్లు తెగిపోయాయి. ఎత్తు మూడోవంతు పెంచితే సరిపోయింది.

మే 18, ఆదివారం

ఈ వారమంతా దెబ్బ లెక్క మీదే గడిచింది, ఇంత పడుతుందని అనుకోలేదు.

మొదట రాసిన సూత్రం అందరూ మొదట రాసేదే: కొట్టేవాడి బలంలోంచి తగిలేవాడి ఓర్పును తీసేస్తే మిగిలేది దెబ్బ. ఎదుటివాడి ఓర్పు 9 అనుకుందాం. నా బలం 10 అయితే దెబ్బ 1, బలం 12 అయితే దెబ్బ 3. రెండు పాయింట్లు పెంచితే దెబ్బ మూడింతలైంది. బలం 9 అయితే అసలు దెబ్బే లేదు. ఈ తీసివేతలో ఉన్న మోసం పిల్లలు ఒక్క పూటలో పట్టుకున్నారు: ఓర్పు 15 పెట్టుకున్న జీవిని బలం 15 ఉన్నది కూడా గీరలేకపోయింది.

దాని బదులు నిష్పత్తి వాడాను. బలాన్ని, బలం ఓర్పుల మొత్తంతో భాగించి, 12తో గుణిస్తే వచ్చేది దెబ్బ. ఓర్పు 9 ఉన్నవాడికి 10 బలంతో తగిలే దెబ్బ 6.3, 12 బలంతో తగిలే దెబ్బ 6.9. పెరుగుదల ఉంది కానీ కొండంత కాదు. పైగా ఎంత బలమున్నా దెబ్బ 12 మించదు. ప్రాణం 60 కాబట్టి ఎంత బలహీనమైన జీవి అయినా ఐదు దెబ్బలకు ముందు పడిపోదు. తాను చేసినది రెండు క్షణాల్లో కూలిపోతే పిల్లవాడికి దానిని సరిగ్గా చూసుకునే సమయం కూడా ఉండదు కనుక ఈ ఐదు దెబ్బల హామీ నాకు ముఖ్యం.

వేగం దగ్గర మరొక పొరపాటు చేశాను. ప్రతి జీవికీ ఒక పాత్ర నిండుతూ ఉంటుంది, 100కు చేరగానే అది ఒక దెబ్బ కొడుతుంది. క్షణానికి 10తో పాటు వేగం పాయింట్లు చేరేటట్లు పెట్టాను. వేగం సున్నా అయితే పది క్షణాలకు ఒక దెబ్బ, వేగం 15 అయితే నాలుగు క్షణాలకే. రెండున్నర రెట్లు! అందరూ వేగం మీద పడ్డారు. మూలాన్ని 10 నుంచి 20కి పెంచాను, ఇప్పుడు ఆ తేడా ఒకటిముప్పావు రెట్లకు తగ్గింది. దెబ్బ పరిమాణమూ దెబ్బల సంఖ్యా ఒకదానితో ఒకటి గుణించుకునేవి కాబట్టి, అంతా ఒక్కదాని మీదే పెట్టినవాడి కంటే రెండింటికీ పంచినవాడు లాభపడతాడు. ఈ సంగతి పిల్లలకు చెప్పలేదు. ఎదురింటి చెల్లెలు మంగళవారానికల్లా తనంతట తానే కనిపెట్టింది.

మే 19, సోమవారం

చావని జీవి పుట్టింది.

కవలలు ఎప్పటిలాగే ఒకరిని చూసి ఒకరు చేసుకున్నారు: వేగం 15, తెలివి 13, బలం సున్నా, ఓర్పు సున్నా. ఇద్దరినీ బరిలోకి దింపగానే ప్రాణం చూపించే గీతలు రెండూ మాయమయ్యాయి, పోట్లాట మాత్రం ఆగలేదు. భోజనాలకు పిలిచేదాకా అవి కొట్టుకుంటూనే ఉన్నాయి.

సున్నాను సున్నాతో భాగించడం వల్ల వచ్చిన తంటా ఇది. దశాంశ సంఖ్యల లెక్కలో అలాంటి భాగహారం చేస్తే ప్రోగ్రాము ఆగిపోదు, 'సంఖ్య కానిది' అనే ఒక విలువ వస్తుంది. ప్రాణంలోంచి దానిని తీసేస్తే ప్రాణం కూడా సంఖ్య కానిదైపోతుంది. "ప్రాణం సున్నాకు దిగిందా?" అని అడిగితే లేదనే జవాబు వస్తుంది, ఎందుకంటే సంఖ్య కానిది ఏ సంఖ్య కంటే చిన్నదీ కాదు, పెద్దదీ కాదు. మన రాక్షసులు తపస్సు చేసి ఇలాంటి వరాలే అడిగేవారు, వీరికి భాగహారంతోనే దొరికింది.

సవరణ ఒక్క పంక్తి: ప్రతి గుణానికీ లోపల ఒకటి కలిపాను, అంటే సున్నా పెట్టినా లెక్కలో 1. కవలలు మాత్రం పాత వెర్షనే కావాలని రెండు రోజులు అలిగారు.

మే 25, ఆదివారం

ఆటకు 'బరి' అని పేరు పెట్టుకున్నాను. ఈ వారం భీమవరం నుంచి వచ్చిన మా బాబాయి ఆ పేరు చూసి ముసిముసిగా నవ్వి, పిల్లలకు సంక్రాంతి పందేలు నేర్పుతున్నావా అన్నారు. ఆ మాట నిజమే, మా వైపు బరి అంటే మొదట తోచేది కోడిపందెమే. పేరు 'గోదా'గా మార్చాను. అయితే బాబాయి చెప్పిన మరొక మాట నన్ను ఆలోచనలో పడేసింది. కుక్కుటశాస్త్రంలో కోడి రంగును బట్టి, వారాన్ని బట్టి గెలుపోటములు చెబుతారు. రోజును బట్టి మారే బలాబలాలన్నది ఆట తయారుచేసేవాడికి నోరూరించే ఆలోచనే. కానీ బడులు తెరిచాక మా పిల్లలు ఆడేది ఆదివారాలే, కాబట్టి ఎప్పుడూ ఒకే రకం గెలుస్తుంది. వదిలేశాను.

దాని బదులు అందరికీ తెలిసిన ముక్కోణమే పెట్టాను: నీరు నిప్పును ఆర్పుతుంది, నిప్పు చెట్టును కాలుస్తుంది, చెట్టు నీటిని తాగుతుంది. పోకెమాన్ ఆటల్లో ఇటువంటి అనుకూలత దొరికితే దెబ్బ రెట్టింపవుతుంది. నేనూ మొదట రెట్టింపే పెట్టి చూశాను. అప్పుడు 28 పాయింట్లు ఎలా పంచుకున్నారన్నది అర్థం లేనిదైపోయింది, గోదాలో దిగకముందే ఫలితం తెలిసిపోయింది. అక్కడ ఒక్కో ఆటగాడి దగ్గర ఆరు జీవులుంటాయి, ఒకటి పనికిరాకపోతే ఇంకొకటి దింపవచ్చు. నా ఆటలో ఒక్కొక్కరికి ఒకటే జీవి. అందుకని పావువంతు ఎక్కువ మాత్రమే ఇచ్చాను.

సమతూకం అంటే ఇరువైపులా ఒకేలా ఉండడం అనుకునేవారు పులిజూదం ఒక్కసారి ఆడి చూడాలి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి చంపుతుంది, మేక చంపలేదు, చుట్టుముట్టి కదలనివ్వకుండా చేస్తుంది. రెండు పక్షాలకూ చేతనైన పనులే వేరు, అయినా ఏ పక్షం తీసుకోవాలో వంతులాడుకుంటారు. మా అమ్మాయి జీవికి బలం 3, ఓర్పు 14. అది ఎవరినీ గట్టిగా కొట్టదు, ఎదుటివాడు అలసిపోయేదాకా నిలబడుతుంది. ఇలాంటి జీవి కూడా గెలవగలగాలన్న ఉద్దేశంతో, 30 దెబ్బల తరువాత ఇద్దరి బలమూ దెబ్బకు ఒకటి చొప్పున, 1 మిగిలేదాకా తగ్గేటట్లు అలసట అనే నియమం చేర్చాను. బలం మీదే బతికేవాడికి ఇది చేటు, ఆమెకు పోయేది చాలా తక్కువ.

జూన్ 1, ఆదివారం

ఇంటర్నెట్ వద్దని మొదటే నిశ్చయించుకున్నాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతిని నిర్ధారించుకోవాలి. ఆరుగురు పిల్లల ఆటకు ఖాతాలు, పాస్‌వర్డులు నాకు అక్కరలేదు. కానీ ఒక టాబ్లెట్‌లో చేసిన జీవి ఇంకొక టాబ్లెట్‌లోకి వెళ్లాలి. స్పోర్ వారు బొమ్మలో దాచారు. నేను నోటిమాటలో దాచాలనుకున్నాను.

లెక్క ఇది. మొండేనికి 3 బిట్లు (బిట్ అంటే ఒక 0 గానీ 1 గానీ), తలకు 4, చేతులకు 4, కాళ్లకు 3, తోకకు 3, రంగుకు 4, నమూనాకు 2, నీరు, నిప్పు, చెట్టులలో జీవి ఏదన్నదానికి 2, నాలుగు గుణాలకు నాలుగేసి చొప్పున 16. మొత్తం 41. తప్పు రాస్తే పట్టుకోవడానికి మరో 4 కలిపితే 45. ఐదేసి బిట్లకు ఒక అక్షరం వాడితే తొమ్మిది అక్షరాలు సరిపోతాయి, కానీ అందుకు ఒకదానితో ఒకటి పొరబడని 32 అక్షరాలు కావాలి. ప, స, ష, వ రాతలో కలిసిపోతాయి. వత్తులున్నవి పిల్లలు పలకరు. చివరకు క, గ, జ, త, న, మ, ర, ల అనే ఎనిమిది హల్లులకు ఆ, ఈ, ఊ, ఓ గుణింతాలు కట్టాను. ఎనిమిది నాలుగులు ముప్పైరెండు. అన్నీ దీర్ఘాలే కాబట్టి గట్టిగా అరిచి చెప్పినా పొల్లుపోదు.

'కాజీమూ లోతారీ నూగాకో'. ఇలాంటిది ఒక జీవి మొత్తం. పిల్లలు దీనిని మంత్రం అంటున్నారు. మేడ మీద నుంచి ఒకరు అరిస్తే కింద ఒకరు టైపు చేస్తున్నారు, జీవి ప్రత్యక్షమవుతోంది. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన భాగం ఇదే.

రాత్రి భోజనాల దగ్గర మా అక్క కొడుకు అడిగాడు: "మొత్తం 28 అని తెలుసు కదా మావయ్యా, మూడు చెబితే నాలుగోది తీసివేస్తే రాదా?" వస్తుంది. ఇరవయ్యేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్న నాకు తట్టలేదు. అలా మిగిలిన 4 బిట్లనూ తప్పు పట్టే పనికి కేటాయించాను. అవయవాల అక్షరం తప్పు వినబడితే ఇంతకుముందు పదహారింటిలో ఒకటి తప్పించుకొనే అవకాశం ఉండేది, ఇప్పుడు 256లో ఒకటి.

జూన్ 7, శనివారం

ఎవరితో ఎవరిని ఆడించాలన్న దానికి, గెలుపోటములను బట్టి ఒక్కొక్క ఆటగాడికి ఒక అంకె ఇచ్చే, చదరంగంలో వాడే ఎలో పద్ధతిని పెట్టాను. అర్పాద్ ఎలో అనే భౌతికశాస్త్ర అధ్యాపకుడు రూపొందించిన ఈ పద్ధతిని ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది. ఇద్దరి అంకెల మధ్య తేడా 200 ఉంటే పైవాడు సగటున నాలుగింట మూడు గెలుస్తాడని లెక్క. సమానుడి మీద గెలిస్తే నా ఆటలో 16 చేరుతుంది, 200 ఎక్కువ ఉన్నవాడి మీద గెలిస్తే 24.

ఈ అంకెను పిల్లలకు చూపించాలా వద్దా అని బాగా తర్జనభర్జన పడ్డాను. 2007లో కోనేరు హంపి 2600 దాటిన సంగతి విజయవాడలో చదరంగం నేర్చుకునే ప్రతి పిల్లకూ తెలుసు, ఆ అంకెకు ఉన్న ఆకర్షణ అలాంటిది. కానీ అది ఏళ్ల సాధనకు దక్కిన అంకె. ఇక్కడ ఆరుగురిలో ఎవరో ఒకరు ఎప్పుడూ అట్టడుగున ఉంటారు, ఆ అంకె పెట్టి చూపిస్తే బల్ల కిందికి పోయే జీవి మళ్లీ తయారవుతుంది. దాచేశాను. జతలు కట్టడానికి మాత్రమే వాడుతున్నాను.

జూన్ 11, బుధవారం

రేపు బడి. ఇవాళ ఆఖరి పోటీలు పెట్టాం. ఎదురింటి చెల్లెలి నిప్పుతొండ గెలిచింది. మా అమ్మాయి జీవి మూడు పోట్లాటల్లో రెండు ఓడింది. ఆమె టాబ్లెట్ తీసుకొని వెళ్లి, ఓర్పులోంచి నాలుగు తీసి వేగంలో వేసి తిరిగి వచ్చింది. పిల్లి ముఖం, ఏనుగు కాళ్లు అలాగే ఉన్నాయి. తోక ఇప్పుడూ లేదు. తోకల జాబితాలో 'తోక లేదు' అనే ఎనిమిదో ఎంపికను మే నెలలోనే ఆమె కోసం చేర్చవలసి వచ్చింది, కాబట్టి నేను గీసిన తోకలు నిజానికి ఏడే.

మిగిలిన పనులు: మంత్రం తప్పయితే ఎన్నో అక్షరం తప్పో చెప్పడం లేదు. తెలివి గుణం ఇంకా సరిగ్గా పని చేయడం లేదు, ప్రస్తుతానికి అది ఎదుటివాడి దెబ్బను అప్పుడప్పుడు తప్పించడానికే పనికివస్తోంది. అలసట నియమం వల్ల రెండు ఓర్పు జీవులు ఎదురైతే పోటీ మూడు నిమిషాలు సాగుతోంది. ఐదో తోక ముడిచుక్క రెండు పిక్సెళ్లు పక్కకు ఉంది, ఆదివారం సరిచేయాలి.